నవ్వుల చాటున రెండు దీపాలు

మొన్న శుక్రవారం సాయంత్రం కువైట్ ఖైతాన్‌లోని మా ఫ్లాట్‌లో టీకి నీళ్ళు పెడుతుంటే హాల్లోంచి నవ్వు వినిపించింది. మాతో కొత్తగా చేరిన కోనసీమ అమ్మాయి, నర్సు, మంచం మీద కాళ్ళు ముడుచుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ చూస్తూ ఒక్కతే పడీపడీ నవ్వుతోంది. ఏమిటా అని వంగి చూద్దును కదా, మా పాత అమెరికన్ కామెడీ సీరియల్. అదే గళ్ళ సోఫా, అదే ముసలమ్మ. చిన్ననాటి స్నేహితురాలు సంతలో ఎదురైనంత సంబరం కలిగింది నాకు.

మీలో గల్ఫ్‌లో పనిచేసినవాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఒక గదికి ఇద్దరు, హాలుకి ఒకరు, అందరికీ కలిపి ఒక్క టీవీ. నేను స్కూల్లో నర్సుని, పిల్లల మోకాళ్ళకి మందు రాయడం, కడుపునొప్పి నాటకాలు కనిపెట్టడం నా పని. నా గదిలో ఉండే అక్క గోదావరి జిల్లా మనిషి, ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఫ్లాట్ ఆమె పేరు మీద ఉండేది, శుక్రవారం పొద్దున ప్రార్థనా ఆమె చేతుల మీదే జరిగేది. హాల్లో ఉండే కడప వదిన ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసి సాయంత్రానికి వచ్చేసేది. శుక్రవారం సీరియల్ వేళకి ముగ్గురం టీవీ ముందు హాజరు.

అందులో ఒక యూదు తల్లి, పెళ్ళి కాని నలభై ఏళ్ళ కొడుకు. ఆవిడ కొడుకుని వాడి జుట్టు దగ్గర్నుంచి జోళ్ళ దాకా అరగంట దులిపి, చివర్న చేతులు కట్టుకుని నేనేమీ అనలేదు అంటుంది. మా ఇంట్లో అది ఊతపదమైపోయింది. అన్నం మాడితే అక్క వదినని చెడామడా కడిగేసి, ఆఖర్న నేనేమీ అనలేదు అనేది. స్కూల్లో నేను దొంగ జ్వరాల పిల్లల మీద అదే ప్రయోగించేదాన్ని. వదినకి ఇంగ్లీషు ముక్క రాదు, కానీ సీరియల్లో జోకు జోకుకీ జనం నవ్వే నవ్వు వేస్తారు చూడండి, అది రాగానే మాకంటే ముందు నవ్వేది. అర్థమైందా వదినా అంటే, "అంతమంది నవ్వుతాంటే ఊరికే నవ్వుతారా మే" అని మమ్మల్నే కసిరేది.

ఒక వారం ఆ తల్లి శుక్రవారం పొద్దు గూకే వేళ రెండు మైనపువత్తులు వెలిగించింది. వెలుగుని చేతులతో మూడుసార్లు తనవైపుకి తీసుకుని, కళ్ళు మూసుకుంది. వెనకాల కొడుకు రొట్టె దొంగతనం చేస్తుంటే జనం గొల్లుమన్నారు. నాకు మాత్రం నవ్వు సగంలో ఆగిపోయింది. మా నాయనమ్మ శుక్రవారం సాయంత్రం చేలోంచి పరుగున వచ్చి, కాళ్ళు కడుక్కుని, రెండు ప్రమిదలు వెలిగించి సరిగ్గా అలాగే చేసేది. మాంసం తెస్తే ఉప్పు పట్టించి నెత్తురంతా కారేదాకా వండనిచ్చేది కాదు. అదంతా ముసలావిడ చాదస్తమనుకున్నాను, చర్చిలో మా పేర్లున్నాయి, మిషన్ వాళ్ళ నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది, నాయనమ్మతోపాటు ఆ ప్రమిదలూ పోయాయి.

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేశాను. టీవీలో చూసింది చెప్పి, మనమూ యూదులమా అని అడిగాను. "అవునమ్మా, మనం వాళ్ళమేనని మా నాయన అంటా ఉండేవాడు. ఆడ ఆ మాట ఎత్తమాక. నీ ఇఖామా కాగితాల్లో మతమని ఏం రాసుందో అదే ఉండనీ" అన్నాడు. ఎందుకు దాచారని అడిగితే ఊళ్ళో జరిగింది చెప్పాడు. ఊరి బయట పేటలో పుట్టినవాళ్ళకి యూదులమన్న ఇంత పెద్ద పేరు కావలసొచ్చిందా అని నాయనమ్మని ఎగతాళి చేసేవారట, చివరికి ఆవిడ తలుపేసుకుని దీపాలు పెట్టుకునేదట.

ఇక్కడ ఎగతాళితో పోయేది కాదు. యుద్ధం వార్తలొచ్చిన రోజున స్కూల్లో టీచర్ల గదిలో యూదులన్న మాట తిట్టుగా దొర్లేది, నేను తల వంచుకుని దూది చుట్టుకునేదాన్ని. ఇంట్లో అక్క కూడా ప్రార్థనలో ఏసయ్యని అప్పగించినోళ్ళు అని పళ్ళు కొరికేది, సాయంత్రమయ్యేసరికి ఆ టీవీ తల్లిని చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. ఆ రెంటికీ పొంతన లేదని ఆమెకి తట్టలేదు, నిజం చెప్పాలంటే అంతకు ముందు నాకూ తట్టలేదు.

అయినా మనసు ఊరుకోలేదు. వంటింట్లో రెండు టీ గ్లాసుల్లో వత్తులు పెట్టి శుక్రవారం వెలిగించడం మొదలుపెట్టాను. నాయనమ్మ ప్రార్థన తెలుగే, మధ్యలో అర్థం తెలియని రెండు మూడు మాటలు. అవి ఎలా గుర్తొచ్చాయో నాకే తెలియదు. వత్తులెందుకని అడిగితే చేపల వాసన పోవడానికని చెప్పేదాన్ని.

దొరికిపోయింది కూడా నవ్వులాటలోనే. ఒకరోజు వదిన చున్నీ నెత్తిన వేసుకుని, రెండు గరిటెలు నిలబెట్టి, ఆ తల్లిలా నటిస్తోంది. ముందు కళ్ళు మూసుకుని, తర్వాత ఈగలు తోలినట్టు చేతులు బయటికి విసిరింది. నా నోరు ఊరుకుందా? అట్టా కాదు వదినా, ముందు వెలిగించాలి, వెలుగు మనవైపుకి తీసుకోవాలి, కళ్ళు ఆ తర్వాత, అంటూ చేసి చూపించాను. చూపిస్తూ చూపిస్తూ, సీరియల్లో ఎక్కడా లేని నాయనమ్మ మాటలు పైకే అనేశాను. నాకు సీరియల్ పిచ్చి ముదిరిందని వదిన చప్పట్లు కొట్టింది. అక్క కొట్టలేదు. వంటింటి గట్టు మీద మసిబారిన రెండు టీ గ్లాసుల వైపు చూసి, నా వైపు చూసి, లేచి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఒకటే లెక్క వేసుకున్నాను. ప్రార్థనకొచ్చే వాళ్ళ దగ్గర అక్క ఒక్క మాట అంటే అది స్కూలు దాకా పోతుంది, ఉద్యోగం ఖలాస్. దానికైనా తెగించగలను గానీ, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పది రోజులు పక్కన కూర్చుని జావ తాగించిన మనిషి నన్ను చూసి ముఖం తిప్పుకుంటే భరించగలనా అన్నది అసలు భయం.

శుక్రవారం రానే వచ్చింది. మానేద్దామనుకుని మానలేక, వంటింట్లోకి వెళ్ళి వత్తులు వెలిగించాను. పెదవి కదిపానో లేదో హాల్లో టీవీ శబ్దం ఒక్కసారి పెరిగింది. జనం నవ్వులు గోడలదిరేలా మోగుతుంటే ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. కాకతాళీయం అనుకున్నాను. తరువాతి వారమూ అంతే. చలికాలం వచ్చి పొద్దు ముందే గూకడం మొదలైంది, సీరియల్ వేళ మాత్రం మారలేదు. అప్పుడు అక్క బజారుకి పోయి సీడీ ప్లేయరూ, ఆ సీరియల్ సీడీలూ కొనుక్కొచ్చింది. చూసినవే ఎన్నిసార్లు చూస్తామని వదిన గొణిగినా వినకుండా, డిసెంబరులో ఐదు కాకుండానే, జూన్‌లో ఆరున్నర దాటాక, నేను వంటింట్లోకి వెళ్ళగానే పెట్టేది. ఒకసారి కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే, టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నేనేవీ అన్లేదు" అంది. ప్రార్థనలో ఆ అప్పగించినోళ్ళ మాట మళ్ళీ ఆమె నోట నేను వినలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఇక్కడ వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారింది. అందరూ విసుక్కున్నారు. చేలో కూలికి పోక తప్పని మా నాయనమ్మకి ఒక్కనాడూ దొరకని శనివారం, యూదులు పని ముట్టని రోజు, నాకు దొరికింది, అదీ ఆ పేరు పైకి చెప్పుకోలేని చోట. ఆ సంతోషం చెప్పుకోవడానికి అక్క తప్ప ఎవరూ లేరు, ఆమెకీ చెప్పలేదు. ఆమె ఊరెళ్ళిపోయింది, రెండేళ్ళ కిందట అక్కడే కన్నుమూసింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా రాలేదు. నేనే ఎత్తాల్సింది. ఎత్తలేకపోయాను.

ఇప్పుడు ఎవరి నవ్వు వాళ్ళ చెవుల్లోనే. హాల్లో నలుగురున్నా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దంలో నా గొంతు దానంతటదే తగ్గిపోయింది, కొన్ని వారాలుగా పెదవులతోనే సరిపెట్టుకుంటున్నాను. మొన్న మాత్రం ఆ అమ్మాయి భుజం తట్టి, చెవుల్లోవి తీసి కాస్త గట్టిగా పెట్టమ్మా అన్నాను. ఆంటీ కూడా తన జట్టేనని పొంగిపోయి పూర్తిగా పెంచేసింది. వంటింట్లోకి వెళ్ళి వెలిగించాను, వెలుగు మూడుసార్లు తీసుకుని కళ్ళు మూసుకున్నాను, చాలా రోజులకి నాయనమ్మ మాటలు పైకి అన్నాను. ఇంతలో హాల్లోంచి ఆ అమ్మాయి, "ఆంటీ, ముసలమ్మ సీను వచ్చింది, తొందరగా రండి" అని కేక వేసింది.

అక్కైతే పిలిచేది కాదు. శబ్దం ఇంకాస్త పెంచేది.