చూపించడానికి కట్టిన గది

మా ఇంట్లో ఒక గదికి ఎప్పుడూ తాళం ఉండేది. అందులో బంగారం లేదు, ఇనప్పెట్టె లేదు. ఉన్నది బాత్రూము. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, డెబ్బైల్లో మా ఇంటికొచ్చి ఆ గది చూసినవాళ్లెవరూ నవ్వలేదు. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, కొంగు సర్దుకుని మరీ లోపలికి అడుగుపెట్టేవారు.

మావారికి విజయవాడ వన్ టౌన్‌లో పైపుల కొట్టుండేది. మామగారి రోజుల్లో చేతిపంపులు, ఇనప గొట్టాలు, ఇత్తడి కుళాయిలు అమ్మేవారు. మావారి చేతికొచ్చేసరికి కాలం మారింది. పామర్రు వైపు, గుడివాడ వైపు పొలాలున్న ఆసాములు మేడలు కట్టడం మొదలుపెట్టారు. మేడ కట్టాక పక్కవాడి మేడలో లేనిదేదో తమ మేడలో ఉండాలి గదా. అదేమిటో మావారు చెప్పేవారు. బొంబాయి నుంచి చెక్కపెట్టెల్లో, వరిగడ్డి మధ్య కమోడ్లు, వాష్ బేసిన్లు దిగేవి. గడ్డిలో పడుకున్న కమోడ్‌ని చూసి ఎవరు కొంటారు? "అమర్చి చూపిస్తే గానీ మనిషికి మనసవదే" అన్నారు ఒకరోజు అన్నం తింటూ. అప్పటికి మొగల్రాజపురం కొండ కింద మా కొత్త ఇల్లు లేస్తోంది. హాలు పక్కన పడగ్గది అనుకున్నది అలా బాత్రూమైంది.

ఏం గదండీ అది. గులాబీ రంగు స్నానాల తొట్టి, అదే రంగు బేసిన్, అదే రంగు కమోడ్. నడుము ఎత్తు దాకా తెల్లటి టైల్స్. మనిషంత అద్దం. గోడకి గీజరు, తువ్వాలు వేసుకోవడానికి తళతళలాడే కడ్డీ. ఆ తొట్టి నింపితే మేడ మీద ట్యాంకు సగానికి దిగిపోయేది. మునిసిపాలిటీ నీళ్లేమో పొద్దున గంటా గంటన్నర, అదీ వాళ్ల దయ. అంచేత అందులో ఎవరమూ స్నానం చేసిన పాపాన పోలేదు. వంటింటి వెనక రాగి కాగు పెట్టుకుని, పీట మీద కూర్చుని, చెంబుతోనే పోసుకునేవాళ్లం. లెట్రిన్ పెరటి చివర ఉండేది. పెరడంతా దాటి, మూడు మెట్లెక్కి వెళ్లాలి.

బేరం మగవాళ్లతో మావారిది, ఆడవాళ్లకి గది చూపించడం నాది. గీజరు మీట నొక్కి ఎర్ర దీపం వెలిగించేదాన్ని. కమోడ్ పిడి తిప్పి నీళ్లు దూకిస్తే వచ్చినావిడ ఒకడుగు వెనక్కి వేసేది. "కూర్చుని వెళ్లడమే వదినగారూ, మోకాళ్లకి శ్రమ లేదు, పెద్దవాళ్లున్న ఇంటికి మరీ మంచిది" అని చివర్లో ఒక మాట వేసేదాన్ని. ఆ మాటకి చాలామంది మెత్తబడేవారు. వాళ్లు వెళ్లాక గుడ్డ పెట్టి కమోడ్ మూత దగ్గర్నుంచి నేల దాకా తుడిచి, చుక్క నీరు లేకుండా చేసి తాళం వేసేదాన్ని. నాకూ ఆ పని సరదాగానే ఉండేది, దాచడమెందుకు. ఇంటర్ దాకా చదివి పప్పు రుబ్బుకుంటున్నదాన్ని, నలుగురు నోరు తెరిచి నా మాట వింటుంటే బాగానే ఉంటుంది.

ఇంతకీ మా ఇంట్లో కూడా ఒక పెద్దావిడ ఉన్నారు. మా అత్తగారు. ఆవిడ మోకాళ్లు రెండూ ఎప్పుడో అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేరు, లేస్తే వెంటనే అడుగు వేయలేరు. ఆ కాళ్లతోనే రోజుకి ఐదారుసార్లు పెరడు దాటి, గోడ పట్టుకుని మూడు మెట్లెక్కి, లోపల గొంతుక్కూర్చునేవారు. లేవడానికి ఎంతసేపు పట్టేదో ఆవిడకే తెలియాలి. ఒక్కోసారి లోపల్నుంచి మూలుగు వినపడేది. నేను పిలిస్తే "వస్తన్నాలే అమ్మాయీ" అనేవారు.

మావారు దుర్మార్గులని నేను అనను. ఇల్లు కడుతున్నప్పుడు ఆవిణ్ని అడిగారు కూడా. "ఇంటి నడిమధ్యన దొడ్డేంట్రా, పక్కనే దేవుడు, ఆ పక్కనే అన్నం" అని ఆవిడే ముఖం చిట్లించారు. అంతే, ఆయన ఆ సంగతి అక్కడికి వదిలేశారు. అయిదేళ్ల కిందట ఒక మాటన్నారని అయిదేళ్లూ అదే మాట మీద ఉంటారా మనుషులు? మళ్లీ అడగాలని ఆయనకి తోచలేదు. నాకు తోచింది. తోచీ ఊరుకున్నాను. వాడితే తడుస్తుంది, వాసనొస్తుంది, చూపించడానికి పనికిరాదు, ఆ తుడిచే పని నాది. నా లెక్క నాది.

ఒక శ్రావణంలో మూడు రోజులు వదలకుండా వాన పట్టింది. పెరటి మెట్లు పాచి పట్టాయి. రెండో మెట్టు మీద అత్తగారి కాలు జారింది. ఎముక విరగలేదు గానీ మోకాలు గుమ్మడికాయలా వాచింది. మర్నాడు పొద్దున మావారు కొట్టుకి వెళ్లగానే, ఆయన గుత్తిలోది కాకుండా నా దగ్గరున్న రెండో తాళంచెవి తీసి ఆ గది తెరిచాను. అత్తగారు గుమ్మంలో నిలబడి "వాడికి చెప్పావా?" అన్నారు. "నేను చెప్తాలెండి, ముందు మీరు రండి" అన్నాను.

నా భుజం పట్టుకుని కూర్చున్నారు. వెనక్కి పడిపోతానేమోనని భయపడి కాసేపు నా చెయ్యి వదల్లేదు. నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి నిలుచున్నాను. కాసేపటికి నీళ్లు దూకిన చప్పుడు, వెంటనే ఆవిడ ఉలిక్కిపడిన చప్పుడు వినిపించాయి. తువ్వాలు కడ్డీ పట్టుకుని తనంతట తనే లేచి వచ్చారు. ముఖం చూస్తే చిన్నపిల్లలా ఉంది.

"ఇన్నాళ్లూ ఇది ఇక్కడే ఉందా అమ్మాయీ?" అన్నారు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మాత్రం ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా ఆశ్చర్యపడ్డారు. దేవుడు పక్కనున్నాడన్న మాట మళ్లీ ఆవిడ నోట రాలేదు. ఆ తర్వాత పది పన్నెండు రోజులు మా ఇద్దరికీ అదొక రహస్యమైపోయింది. మావారు అటు వెళ్లగానే ఇటు తలుపు తీసేదాన్ని. సాయంత్రం ఆయనొచ్చే వేళకి తుడిచి తాళం వేసేదాన్ని. ఆవిడ వాపు తగ్గింది. మధ్యాహ్నం రెండో గ్లాసు మజ్జిగ అడిగి తాగారు. ఆయనకి చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే రోజులు దొర్లించాను. ఏమంటారోనన్న భయం ఒకటి, చెప్పకుండా గడిచిపోతోంది గదా అన్న బద్ధకం ఒకటి.

ఒకనాడు నాలుగింటప్పుడు వీధిలో కారాగింది. మర్నాడు పొద్దున వస్తామన్న ఆసాములు ముందు రోజే దిగారు. పామర్రు దగ్గర పెద్ద రైతు, ఆయన భార్య, ఇద్దరు వదినా మరదళ్లు. మావారు వాళ్లని కొట్టు నుంచి నేరుగా వెంటబెట్టుకొచ్చారు. మంచినీళ్లిచ్చానో లేదో "ఇదిగో, వీళ్లు చీకటి పడకముందే వెళ్లాలంట, గది చూపించు" అన్నారు.

గది లోపల అత్తగారున్నారు.

నేను నడవలో ముందు నడుస్తున్నాను, ఆ ముగ్గురు ఆడవాళ్లూ నా వెనకే వస్తున్నారు. అప్పుడే "కాసేపాగండి, మా అత్తగారు లోపలున్నారు" అంటే సరిపోయేది. అంత చిన్న మాట. అది నోట్లోంచి రాలేదు. వెళ్లి తలుపు కొట్టాను. "అత్తయ్యగారూ, త్వరగా రండి, మనుషులొచ్చారు" అన్నాను. రెండోసారి ఇంకాస్త గట్టిగా కొట్టాను. లోపల చెంబు దొర్లింది. గడియ తీయడానికి చాలాసేపు పట్టింది. వచ్చారు. చీర అంచు తడిసి కాళ్లకి చుట్టుకుంది. పని పూర్తి కాకుండానే లేచారని చూడగానే తెలిసింది. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఎవరి ముఖమూ చూడకుండా నిలబడ్డారు.

వచ్చినవాళ్లలో పెద్దావిడ కొంగు ముక్కు దగ్గరికి తీసుకుని, మర్యాదగానే "పెద్దవారు వాడతారా అండీ దీన్ని?" అని అడిగింది.

వాడతారండీ, పెద్దవాళ్లకి మంచిదండీ. ఎన్నిసార్లు చెప్పాను ఆ మాట ఎంతమందికి. ఆరోజు నేనన్నది వేరు. "అబ్బే, లేదండీ. ఆవిడకి తెలీక, పొరపాటున వెళ్లినట్టున్నారు" అన్నాను. అత్తగారికి అడుగు దూరంలో నిలబడి అన్నాను. ఆవిడ చెవులు మోకాళ్ల లాంటివి కావు, శుభ్రంగా వినపడతాయి. నెమ్మదిగా గోడ పట్టుకుని వంటింటి వైపు వెళ్లిపోయారు.

నేను గబగబా ఫినాయిల్ పోసి, గుడ్డతో తుడిచి, గీజరు ఎర్ర దీపం వెలిగించి, ఎప్పటిలాగే అన్నీ చూపించాను. మోకాళ్లకి శ్రమ లేదన్న మాట ఆరోజు ఒక్కటే వదిలేశాను.

రాత్రి మావారు "అమ్మకేం తెలీదు గానీ, నువ్వు తాళం చూసుకోవాల్సింది" అన్నారు. నేను అన్న అబద్ధాన్నే ఆయన నమ్మారు. అది నిజం కాదని చెప్పడానికి అప్పుడైనా నోరు పెగల్లేదు. మర్నాడు ఆయన వెళ్లాక తలుపు తీసి అత్తగారిని పిలిచాను. "వద్దులే అమ్మాయీ, నాకు బయటే బావుంటది. గాలాడుద్ది" అన్నారు. కోపంగా అనలేదు. మరో రెండుసార్లు పిలిచాను. ఆ తర్వాత పిలవలేదు. పిలవనందుకు నాకు లోపల్లోపల కాస్త తేలిగ్గా కూడా ఉండింది. ఈ ముక్క రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

చలికాలం గడిచింది. ఆవిడ పెరట్లోకి వెళ్లడం తగ్గిందని నేను గమనించాను. గమనించి, ఆ వయసుకి అంతగా అవసరం పడటం లేదేమో అనుకున్నాను. ఎండలు ముదిరాక ఒకనాడు పొద్దున మంచం మీంచి లేస్తూ కళ్లు తిరిగి పడిపోయారు. నాలుక అట్టలా ఉంది. ఒంట్లో మంట, కడుపులో నొప్పి. రిక్షాలో గవర్నరుపేట తీసుకెళ్లాం. డాక్టరు పెద్దాయన, నాడి చూసి, నాలుక చూసి, "రోజుకి నీళ్లెన్ని తాగుతున్నారమ్మా?" అని ఆవిణ్ని అడిగాడు. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకున్నారు. ఆయన నా వైపు తిరిగాడు.

"చెంబుతో పక్కన పెడతానండీ. సాయంత్రానికి ఖాళీ అవుతుంది" అన్నాను.

అత్తగారు తల వంచుకుని "మల్లె కుండీలో పోస్తన్నా బాబూ" అన్నారు. "తాగితే వెళ్లాల్సొస్తది గదా. పొద్దున ఒక గ్లాసు, అన్నంలో మజ్జిగ. చాలు నాకు."

డాక్టరు నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. మూత్రంలో చీము పడిందని, రోజుకి రెండు చెంబుల నీళ్లు తాగకపోతే మనిషి దక్కదని మావారికి గట్టిగా చెప్పాడు. మావారు అక్కడే బల్ల మీద కూలబడి "నన్నడక్కూడదా అమ్మా?" అన్నారు. ఆవిడ నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. ఆ ఆసాములొచ్చిన రోజు నేనన్న మాట కొడుక్కి ఆవిడ చెప్పలేదని నాకప్పుడు అర్థమైంది. ఇంటికెళ్లాక నేనే చెప్పాను, శ్రావణం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. లేచి వెళ్లి గది తాళం తీసి, తాళంతో సహా గుత్తిలోని చెవిని పెరటి గోడ అవతలికి విసిరేశారు. కమోడ్ కావాల్సినవాళ్లకి కొట్టు మేడ మీదే అమర్చి చూపించారు ఆ తర్వాత.

అత్తగారు కోలుకున్నారు. మందు తాగినట్టు కళ్లు మూసుకుని నీళ్లు తాగేవారు. గదిలోకి వెళ్లేవారు కూడా. ఇంకో మూడేళ్లు ఉన్నారు. ఆ మూడేళ్లలో ఒక్క రోజు కూడా నన్ను అడక్కుండా ఆ గుమ్మం దాటలేదు. నేను వంటింట్లో ఉన్నా, పెరట్లో బట్టలు ఆరేస్తున్నా, కర్ర పట్టుకుని వచ్చి "ఇయ్యాల ఎవురన్నా వస్తన్నారా అమ్మాయీ?" అనేవారు. ఎవరూ రావట్లేదండీ అంటే అప్పుడు వెళ్లేవారు.

ఒకసారి నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో పిండి, పొయ్యి మీద నూనె, గుమ్మంలో ఆవిడ.

"ఎన్నిసార్లు అడుగుతారండీ అదే మాట? ఇది మనిల్లు. ఎవరొస్తే మనకేంటి, బయట కూర్చుంటారు" అన్నాను.

"మనిల్లే, నేను కాదన్నానా" అన్నారు నెమ్మదిగా. "మళ్లీ నువ్వొచ్చి తలుపు కొట్టాల్సొస్తే నీకే బాధగా ఉంటది గదా, అందుకని అడుగుతన్నా."