పెళ్లికూతురి కారు, నా మూడు రిపేర్లు

పెళ్లికూతురిని నడిరోడ్డు మీద నాలుగుసార్లు ఆపిన ఘనత తార్నాక మొత్తానికి నా ఒక్కడికే దక్కింది. ఎలా దక్కిందో చెబుతాను. మీరు నవ్వండి, నాకు అలవాటే.

అప్పుడు నేను యూనివర్సిటీలో మెకానికల్ ఎంటెక్ చదువుతూ, రత్నం మాస్టారి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. మాస్టారిది తెనాలి వైపు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలని వీధంతా అనుకునేది. నిజానికి ఒక్కతే, స్టెల్లా. రెండోది షెడ్డులో ఉన్న పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నాకు రెట్టింపు వయసు, దగ్గితే మౌలాలి దాకా వినిపించేది.

స్టెల్లా పెళ్లి రోజే బంద్ వచ్చిపడింది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది, ఆటో అన్నది కలలో కూడా కనబడదు. పదింటికి విద్యానగర్ చర్చిలో పెళ్లి. పదిన్నర దాటితే పాస్టరు గారు ఇంకో పెళ్లికి వెళ్లిపోతారు. ఇక ఆ కారే దిక్కు.

"ఏవయ్యా, దారిలో ఆగదు కదా?" అన్నారు మాస్టారు.

"నేనుండగానా సార్!"

మాస్టారు నడుపుతున్నారు, పక్కన తెల్లచీరలో స్టెల్లా, వెనక సైకిల్ మీద పానాల సంచీతో నేను. క్యాంపస్ గేటు దాటగానే కారు రెండు దగ్గులు దగ్గి ఆగింది.

"కార్బురేటర్‌లో చెత్త సార్," అన్నాను, బానెట్ ఎత్తకుండానే. విప్పాను, ఊదాను, బిగించాను. స్టార్టయింది! మాస్టారు నాకేసి మునిని చూసినట్టు చూశారు.

రెండు ఫర్లాంగులకి మళ్లీ ఆగింది. "ఫిల్టర్ సార్." కడిగి పెట్టాను. స్టార్టయింది. ఇంకో రెండు ఫర్లాంగులు. "పంపు సార్, అనుమానం లేదు." విప్పి బిగించాను. స్టార్టయింది. నేను ముట్టుకున్న ప్రతిదీ బాగుపడుతోందని గమనించండి. నా కొంప ముంచింది అదే.

నాలుగోసారి సరిగ్గా విద్యార్థులు రాస్తారోకో చేస్తున్నచోట ఆగింది. టైము పదీ పదిహేను. స్టెల్లా దిగింది.

"నీ వైద్యం చాలుగానీ, అసలు పెట్రోలుందా?" అంటూ ట్యాంకు మూత తిప్పింది.

ఉస్స్‌స్! నీళ్లలోంచి తేలినవాడు గాలి పీల్చుకున్నట్టు ట్యాంకు పీల్చుకుంది.

"ఈ మూతకి గాలి కన్నం ఉండాలిగా? పెట్రోలు తగ్గేకొద్దీ గాలి లోపలికి పోవాలి. కన్నం మూసిన మహానుభావుడెవరు?"

మూత మీద గుండ్రంగా 'జై తెలంగాణ' స్టికర్. కుర్రాళ్లు దారివ్వాలని పొద్దున్నే అతికించిన మహానుభావుణ్ణి నేనే. కారు ఆగినప్పుడల్లా సందుల్లోంచి కాస్త గాలి దూరేది, పేరు నా పానాకి వచ్చేది.

గబగబా గోటితో స్టికర్ పీకబోయాను. నినాదాలు ఆగిపోయాయి.

"ఓ అన్నా! ఏం పీకుతున్నవ్?" పొడుగాటి నాయకుడొకడు ముందుకొచ్చాడు.

"దీనివల్లే బండి ఆగుతోంది బ్రదర్."

"ఏందీ? జై తెలంగాణ అంటే బండి ఆగుతదా?"

"అది కాదు, దీని కింద శూన్యం ఏర్పడి..."

"తెలంగాణ కింద శూన్యమా! ఇనుండ్రి రా!"

యాభైమంది చుట్టూ చేరారు. "నాది సూర్యాపేటనే అన్నా!" అన్నాను ఏడుపు గొంతుతో.

"గట్లయితే ఇంకింత సిగ్గుండాలె!"

స్టెల్లా మధ్యలోకి వచ్చింది. "తమ్ముడూ, పదిన్నర లోపల నేను చర్చిలో ఉండాలి. మూత మీద ఉంటే కారుకి ఊపిరాడట్లేదు. అక్కడొద్దు, ఇంకెక్కడైనా వేసుకోండి."

"గట్లనా అక్కా? పెళ్లి బండిని మేమెందుకు ఆపుతం? గీ అన్నకు దిమాక్ లేదు గని," అంటూ సంచీలోంచి స్టికర్ల కట్ట తీశాడు.

రెండు నిమిషాల్లో మూత మీది స్టికర్ ఊడింది, బానెట్, తలుపులు, లైట్లు అన్నీ నిండిపోయాయి. ముందద్దంలో మాస్టారికి జానెడు జాగా మిగిలింది. వెనక యాభైమంది నినాదాలు చేస్తూ పరుగెత్తగా, పదీ ఇరవై ఎనిమిదికి కారు చర్చి ముందు ఆగింది. పాస్టరు గారు ఇంకా ఉన్నారు. పెళ్లి జరిగింది.

మెట్ల మీద పూలతో నిలబడ్డ తెనాలి బంధువులు మాత్రం స్టికర్లన్నీ ఒక్కొక్కటే చదివారు. చివరికి మాస్టారి బావగారు అడిగారు: "ఏం బావా, ఎప్పుడు చేరావు ఉద్యమంలో?"

మాస్టారు చెమట తుడుచుకుని నన్ను చూపించారు. "నేను చేరలేదు బావా. కార్బురేటర్ బాగుచేస్తానని ఈ ఇంజనీరు చేర్పించాడు."

నిండు చర్చి ముందు ఆ రోజే ఒట్టేసుకున్నాను: ఏ బండి ఆగినా ముందు మూత తీస్తాను, తర్వాతే నోరు తెరుస్తాను.