జపాన్ కొండ మీద టీటీఈ కోటు

ఫోటో అంటే మనిషి. ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్లకి ఈ విషయంలో రెండో అభిప్రాయం ఉండేది కాదు. పూరీ వెళ్లినా, వేళాంగణ్ణి వెళ్లినా, వెనకాల గోపురం సగానికి తెగిపోయినా ఫర్వాలేదు గాని ముందు నిలబడ్డ మనిషి మాత్రం తల నుంచి చెప్పుల దాకా పడాలి. లేకపోతే వెళ్లొచ్చినట్టు ఎవరు నమ్ముతారు? మా ఇంట్లో గోడ మీద, సముద్రం ముందు తీయించుకున్న నాన్న ఫోటో ఒకటి ఉండేది. అందులో సముద్రం ఎంత వెతికినా దొరకదు, నాన్న ఒక్కడే ఉంటాడు. (వర్క్‌షాపులో ఫిట్టరు ఆయన, భుజాలు వెడల్పు.) ఈ నమ్మకంతోనే నేను ఉద్యోగంలో చేరాను, ఈ నమ్మకం వల్లనే అందులోంచి ఊడిపోబోయాను.

అప్రెంటిస్ పరీక్ష రెండోసారి కూడా తప్పాక అమ్మ నన్ను గోల్‌బజార్‌లో ఫోటో స్టూడియో నడిపే మావయ్య దగ్గరికి తీసుకెళ్లింది. మావయ్యంటే సొంత మావయ్య కాదు, అమ్మకి చిన్నాన్న కొడుకు. ఆయన చాలాసేపు నన్ను చూశాడు, నేను చాలాసేపు నేలని చూశాను. చివరికి అమ్మతో, "ఆరు నెల్లు సూత్తానప్పా. ఈలోగా ఒక్క గిరాకీ వచ్చి ఈడి మీద మాట సెప్పినా పంపించెత్తాను, మరేటనుకోకు" అన్నాడు. తిరిగొస్తుంటే దారిలో అమ్మ, "ఇదీ పోతే నాను ఇంకెవరి కాడికీ ఎల్లలేన్రా నాయినా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పేసరికి నాకు నిజంగా భయమేసింది.

స్టూడియోలో నా గురువు రిటచింగ్ దాదా. ఇందా అనే పేట నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే బెంగాలీ పెద్దాయన. ముప్ఫై ఏళ్లు తెలుగువాళ్ల మధ్య గడిపి, మా భాషని తనకి అనువుగా మార్చుకుని మాట్లాడేవాడు. ఆయన ప్రత్యేకత జోడింపు. పోయిన తాతగారిని మనవడి పెళ్లి ఫోటోలో కూర్చోబెట్టడం, డ్యూటీలో ఉండి రాలేకపోయిన అన్నయ్యని చెల్లెలి పక్కన నిలబెట్టడం ఆయనకి మంచినీళ్ల ప్రాయం. బొమ్మని బ్లేడుతో కత్తిరించి, అంచు కనపడకుండా వెనకవైపు గరుకు కాగితంతో రుద్ది పల్చన చేసి, అతికించి, కుంచెతో సరిచేసి, మళ్లీ ఫోటో తీయాలి. ఐదు నెలల్లో నాకు పట్టుబడ్డ విద్య ఇదొక్కటే, అందుకే దాని మీద వల్లమాలిన మోజు.

మావయ్య బొబ్బిలిలో పెళ్లికని వారం రోజులు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, జపాన్ సారు వస్తాడు, ఆయన పని జాగ్రత్తగా చేయండని చెప్పి వెళ్లాడు. హిజ్లీలో ఉన్న ఐఐటీ క్యాంపస్‌లో ఒక ఏడాది పాఠాలు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి ఆయన. అంతకుముందు మా దగ్గరే పాస్‌పోర్టు ఫోటో దిగాడు. సోమవారం ఉదయం వచ్చి, ఒక ఫిల్ము రీలు రెండు చేతులతో అందించి వంగాడు. నేనూ వంగాను. ఆయన మళ్లీ వంగాడు. నేను ఊరుకుంటానా? దాదా దగ్గే దాకా అలాగే నడిచింది. ఆయన నిదానమైన ఇంగ్లీషులో చెప్పిందేమిటంటే, సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు కొండ మీద ఒక పాత గుడిలో తిరుగుతూ తీసిన ఫోటోలట. మొదటి పన్నెండూ పెద్దవిగా కావాలి, శనివారం సాయంత్రం క్యాంపస్ హాల్లో గోడకి పెడతాడు. తనకి ఇవి చాలా ముఖ్యం అని రెండుసార్లు అన్నాడు.

ఫిల్ము కడిగి ఆరబెట్టి పన్నెండూ అచ్చు తీసి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. పొగమంచు. ఆకాశానికి ఎక్కిపోయిన చెట్లు. నాచు పట్టిన మెట్లు. రెండు స్తంభాల మీద రెండు దూలాలు వేసిన గుమ్మం ఒకటి, దానికి తలుపూ లేదు, అటూ ఇటూ గోడా లేదు. (సగంలో కంట్రాక్టరు పారిపోయాడేమో అనుకున్నాం.) మెడకి గుడ్డ కట్టుకున్న రాతి నక్క. నీళ్ల తొట్టి. రాతి దీపం. దేవుడెక్కడున్నాడో అంతు పట్టలేదు. అసలు సంగతి దాదా కనిపెట్టాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని, "మనిషి లేదు రా. పన్నెండులో ఒక్క మానుష్ లేదు" అన్నాడు.

నాకు ఆ సారు మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. పాపం, వెంట ఎవరూ లేక, కెమెరా పట్టుకునే దిక్కు లేక, అంత దూరం వెళ్లి ఒక్క ఫోటోలోనూ లేకుండా తిరిగొచ్చాడు. పైగా వీటిని పదిమందిలో పెడతాడట. మీరు వెళ్లారా లేదా అని ఎవరైనా అడిగితే పరువు ఏం కాను? మా దగ్గర ఆయన పాస్‌పోర్టు ఫోటో నెగెటివ్ ఉండనే ఉంది. దాదాని అడిగితే తల గీరుకుని, ఠీక్ హై, గిరాకీ సంతోషిస్తాడు అన్నాడు. ఇక నన్ను ఆపేవాళ్లు లేరు.

చిక్కల్లా ఒకటే, పాస్‌పోర్టు ఫోటోలో మనిషి ఛాతీ వరకే ఉంటాడు. అందుకని దేని వెనకో ఒకదాని వెనక నిలబెట్టాలి. నీళ్ల తొట్టి వెనక నుంచి టై కట్టుకున్న సారు. రాతి దీపం వెనక నుంచి అదే టైతో సారు. నక్క వెనక, చెట్టు వెనక, పొదల వెనక, అన్నిట్లోనూ ప్రభుత్వానికి ఫోటో ఇస్తున్నంత సీరియస్‌గా సూటిగా చూస్తున్న సారు. మంచు అడ్డొచ్చిన చోట్ల ముఖం స్పష్టంగా ఉండాలని చుట్టూ కాస్త తుడిచాను కూడా. ఒక్క మెట్ల ఫోటోలో మాత్రం దాక్కోవడానికి ఏమీ లేదు. నాలుగు గంటలు ఆలోచించి, మా దగ్గర నిలువెత్తు ఫోటో దిగిన ఒక టీటీఈ గారి ఒంటి మీద సారు తల అతికించాను. నల్లకోటు, జేబు మీద బిళ్లతో సహా అద్భుతంగా కుదిరింది. నాలుగు రోజులు సరిగ్గా తిండి తినలేదు. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పరీక్షకీ చదవలేదు.

శనివారం పొద్దున్న పది గంటలకి సారు వచ్చాడు. పన్నెండూ బల్ల మీద పరిచి, మెచ్చుకోలు కోసం పక్కన నిలబడ్డాను. మొదటిది చూశాడు. రెండోది చూశాడు. మళ్లీ మొదటిది చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. టీటీఈ గారి దగ్గర చాలాసేపు ఆగి, ఈ కోటు ఎవరిదని అడిగాడు. చెప్పాను. ఎందుకని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, "సార్, యూ వెంట్ సో ఫార్. హోమ్ పీపుల్, హౌ దే విల్ బిలీవ్?" అన్నాను.

ఆయన ముఖంలో నవ్వో కోపమో నాకు అర్థం కాలేదు, ఆయనకి నేను అర్థం కానట్టే. స్టూలు మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. ఆ గుడికి రోజూ వందల మంది వస్తారట. ఆయన తెల్లారకముందే కొండెక్కి, ఒక్కొక్క చోట నిలబడి, వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయే దాకా ఆగాడట. మెట్ల ఫోటో కోసమే మూడు గంటలు. మనుషులు లేకుండా చేయడానికి ఆయన అంత కష్టపడితే నేను పన్నెండు మందిని తోలుకొచ్చి పెట్టాను. సోమవారం మావయ్య వస్తాడు, ఈయన ఒక్క మాట చెప్తాడు, మంగళవారం అమ్మ నన్ను తీసుకుని వెళ్లడానికి ఇంకో గుమ్మం లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, బల్ల పట్టుకుని ఏడ్చేశాను.

సారు లేచి, కోటు విప్పి మేకుకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి, డార్క్‌రూమ్ ఎటని అడిగాడు. ఇద్దరం లోపలికి వెళ్లాం. నెగెటివ్‌లు భద్రంగా ఉన్నాయి కాబట్టి బతికాను. ఆయన అచ్చు వేస్తుంటే నేను ట్రేలో కాగితం ఊపుతూ నిలబడ్డాను. మంచు నెమ్మదిగా పైకి తేలుతుంటే, ఇప్పుడు చూడు అన్నట్టు వేలితో చూపించేవాడు. ఏం చూడాలో అప్పటికీ తెలియలేదు గాని, తల మాత్రం ఊపాను. నాలుగింటికి కరెంటు పోయేసరికి ఏడు తయారయ్యాయి. సాయంత్రం హాల్లో ఆ ఏడే పెట్టాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్క ఫోటో ముందు గుళ్లో నిలబడ్డట్టు నిలబడుతుంటే, మూలన ఉన్న నాకు మరింత అయోమయంగా ఉంది.

సోమవారం మావయ్య, సారు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు నేను కర్టెన్ వెనక ఉన్నాను. పని ఎలా ఉందని మావయ్య అడిగాడు. ఈ కుర్రాడికి ఓపిక ఉంది, ఉంచుకోండి అన్నాడు సారు. అంతే. తర్వాత నన్ను పిలిచి, ఆ పాడైన పన్నెండూ కూడా కట్ట కట్టి ఇమ్మన్నాడు. కాల్చేస్తాడేమో అనుకుని, దారం గట్టిగా బిగించి ఇచ్చాను.

ఆయన దేశం వెళ్లిపోయిన కొన్నాళ్లకి స్టూడియోకి నా పేర ఒక ఉత్తరం వచ్చింది. ఆయన తల్లి బాగా పెద్దావిడట. కొడుకు తీసిన ఫోటోల వైపు ఆమె ఎప్పుడూ కన్నెత్తి చూసేది కాదట, చెట్లూ రాళ్లూ మనింటి వెనకే ఉన్నాయి కదరా అనేదట. ఇప్పుడు నా పన్నెండూ తన గదిలో వరసగా పెట్టుకుని, ఇన్నాళ్లకి నువ్వెక్కడెక్కడ తిరిగావో కనపడిందని వచ్చినవాళ్లకల్లా చూపిస్తోందట. అందరికంటే ఆమెకి టీటీఈ గారు నచ్చారట, కోటు కొత్తగా ఉందని. అమ్మకి చదివి వినిపిస్తే, "మరి కాదేటి, ఆవిడదీ తల్లి పేణమే కదా" అంది.

తర్వాత ఆ స్టూడియోలోనే ఇరవై ఏళ్లు పనిచేశాను. మంచు చూడటం కూడా ఎప్పటికో వచ్చింది. ఇప్పుడు తెల్లారగట్ల కెమెరా పట్టుకుని వెళ్లి, అందరూ పక్కకి తప్పుకునే దాకా గంటల తరబడి ఆగి, మనిషన్నవాడు లేని ఫోటోలు బోలెడన్ని తీస్తుంటాను. అవి బాగుంటాయని తెలిసినవాళ్లు అంటారు గాని, ఒక కాపీ ఇవ్వమని మాత్రం ఇంతవరకు ఒక్క తల్లీ అడగలేదు.