అత్తగారి తలుపులు

అత్తగారికి అక్రోట్లంటే ప్రాణం. సుత్తితో కొడితే పప్పు నుజ్జయిపోతుందని ఆవిడ సుత్తి ముట్టరు. కాయను తలుపు సందులో మడతబందుల పక్కన పెట్టి, తలుపుకు చెవి ఆనించి, టక్‌మనేదాకా నెమ్మదిగా మూస్తారు. పప్పు చెక్కుచెదరకుండా వస్తుంది. చెదిరేది తలుపే. ఆ ఇంట్లో ఒక్క తలుపూ సరిగ్గా పడదు. స్నానాలగది తలుపైతే గడియకు అందనే అందదు. అందుకే ఆ ఇంట్లోనే ఉంటున్న అల్లుడు, లోపల మనిషి ఉన్నట్టు అందరికీ తెలియాలని, నీళ్లు పోసుకున్నంతసేపూ పాడుతూనే ఉంటాడు. సబ్బునురగ నోట్లోకి పోయినా ఆపడానికి లేదు.

చివరికి ప్రాణం విసిగి, కాయలు పగలగొట్టే ఉక్కు పటకారు కొనితెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయారు. "ఎంత బాగా ఆలోచించారు బాబూ."

మర్నాడు పొద్దున అతను తువ్వాలుతో వెళ్లేసరికి, ఆ పటకారు స్నానాలగది తలుపు లోపలి పిడికి దారంతో వేలాడుతోంది.

"దాని కాలొకటి పిడిలో దూర్చి, రెండోది గుమ్మానికి అడ్డంగా పెట్టండి బాబూ. తలుపు కదిలితే ఒట్టు. ఇంక మీరు పాడక్కర్లేదు" అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

వెంటనే వంటింటి తలుపు టక్‌మంది.