రాతికి మొదటి సేరు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. తోట మామ పోయాడని ఆయన తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "మాట్లాడతా మాట్లాడతానే పోయినాడు పెద్దాయనా, సాయంత్రం నమాజుకు ముందర," అన్నాడు. మట్టి వేసి ఇంటికొచ్చాక, నేను రాసింది చదివి వెక్కిరించే ఆ మనిషే లేనప్పుడు ఎవరికోసం రాయాలని కలం మూసిపెట్టాను. కానీ నోరు మూసుకుని ఉండటం నాకు చేతకాదు. ఇంట్లో వినేవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి మీకు తప్పదు.

ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చుట్టరికం లేదు. ఆయనది సాయిబుల ఇల్లు, మాది రెడ్ల ఇల్లు, మా రెండు చేల మధ్యలో ఒక గట్టు.

నందికొట్కూరు దాటాక కాలువ ఒకచోట మెట్టు దిగినట్టు కిందికి దూకుతుంది. అక్కడే మామ తోట, తోటలో నీళ్ల మర. తూము తలుపు ఎత్తితే నీళ్లు చక్రం మీద పడతాయి. లోపల రాయి తిరిగి జొన్నలు పిండి అవుతాయి. కరెంటుతో పనిలేదు.

ఈ తోట చరిత్ర నాకు మూడు రకాలుగా తెలుసు. మూడూ మామ చెప్పినవే. నవాబు తన గుర్రాల వైద్యుడికి ఇనాముగా ఇచ్చాడన్నది ఒకటి. కాలువ తవ్వించిన దొర తన పెళ్లాం రొట్టెల కోసం మర కట్టించాడనీ, ఆమె ఇక్కడ సపోటా చెట్టు ఒకటి నాటి, జొన్నరొట్టె పడక ఓడెక్కి పోయిందనీ ఇంకొకటి. వేలం రోజు ఎండకు ఎవరూ రాకపోతే మామ తాత ఒక్కడే పాట పాడి కొన్నాడన్నది మూడోది. దొరసాని సపోటా చెట్టు నాటడం నువ్వు చూశావా అని అడిగితే, "నేను యాడ చూస్తా? చెట్టు చూసింది, దాన్నడుగు," అనేవాడు.

కథల్లో అటూ ఇటూ అయినా, మర దగ్గర మాత్రం ఆయన లెక్క తప్పేవాడు కాదు. పొద్దున మొదట పోసిన జొన్నల్లో కొంత పిండి రాతి గాట్లలో ఇరుక్కుని బయటికి రాదు. తర్వాత పోసినవాళ్ల పిండితో కలిసి వస్తుంది. అందుకని ముందు పోయడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. "నీ గంప ముందొచ్చింది, నువ్వే పొయ్యి," "నీ మొగుడు ముందొచ్చినాడు, నువ్వే పొయ్యి," అని ఆడవాళ్లు తగువు పడేవాళ్లట. ఆ తగువు తీర్చడానికి మామ తాత తనింటి జొన్నలు ఒక సేరు ముందుగా రాతికి పోశాడు. అప్పటినుంచీ అదే దస్తూరు.

"ఈ ఊర్లో నా జొన్నలు తిననోడు ఎవడన్నా ఉండాడా అల్లుడా?" అని మామ గర్వంగా అడిగేవాడు.

తర్వాత ఊళ్లోకి కరెంటు మర వచ్చింది. రేషన్ బియ్యం వచ్చాయి. గంపలు రావడం మానేశాయి. అయినా కాలువలో నీళ్లున్నన్నాళ్లూ మామ పొద్దున్నే రాతికి తన సేరు పోసి, వాకిట్లో కూర్చుని దారి చూసేవాడు. రెండో మనిషి వచ్చేవాడు కాదు.

పెళ్లికి ముందు ఫోటోలు దిగే జంటలు మాత్రం కార్లలో వచ్చేవి.

"జొన్నలు తెచ్చినారా నాయనా?"

"లేదు తాతా, డ్రోన్ తెచ్చినాం."

వాళ్లకోసం కూడా తూము ఎత్తేవాడు. వాళ్లు వెళ్లాక చాలాసేపటికి గానీ దించేవాడు కాదు.

తమ్ముడి కొడుకులు తోటను ప్లాట్లు వేసి అమ్ముదామన్నారు. మామ ఒకే మాట చెప్పాడు. "బయటోళ్ల జొన్నలు మరకు వస్తాండేంత వరకూ అమ్మేది లేదు. ఏడాది పూరా ఎవురూ రాకపోతే, యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా."

ఆ బయటివాణ్ణి నేనయ్యాను. వారానికొక సంచి మోసేవాణ్ణి. నాకు పళ్లు లేవు, రొట్టె నమలలేను. మా ఇంటామె ఉన్నన్నాళ్లు ఆ పిండితో ఏదో ఒకటి మెత్తగా చేసిపెట్టేది. ఆమె పోయాక బర్రెకు కలిపేవాణ్ణి. మామకు తెలుసు.

"ఏమల్లుడా, బర్రె ఏమంటాండాది?"

"శానా బాగుండాదంట మామా. ఉప్పు తక్కువైందంట."

పోయినేడు మోకాలు పట్టేసి మంచం దిగలేకపోయాను. ఒక పొద్దున మామ ఆటోలో మా ఇంటికొచ్చాడు. ఎట్లుందని అడగలేదు. వంటింట్లోకి వెళ్లి జొన్నలు సంచికెత్తుకుని వచ్చాడు.

"నువ్వే మోసుకపోతే అవి బయటోళ్లవి ఎట్లయితాయి మామా?"

"మోసేది నేను. తినేది మీ బర్రె. అది బయటిదే కదా," అని భుజానికెత్తుకున్నాడు. నేను నడిచేదాకా అట్లాగే వస్తూ పోతూ ఉన్నాడు.

మామ పోయిన నలభయ్యో రోజు, ఆయన పేర చదివించే ఫాతిహాకు తోటకు వెళ్లాను. తూముకు తాళం వేసి ఉంది. "ఇంక మీకు మోసే బాధ లేదు పెద్దాయనా," అన్నాడు తమ్ముడి కొడుకు, మర్యాదగానే. అన్నాలయ్యాక అందరూ కర్నూలు వెళ్లిపోయారు. నేను గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాను.

ఒక ఆటో వచ్చి ఆగింది. ఒకామె తెల్ల సంచిలో జొన్నలతో దిగింది.

"ఈడ నీళ్ల మర ఉండాదంట కదప్పా? నాకు షుగరు. రాతిమర పిండి తింటే మంచిదన్నారు."

"ఉండాదమ్మా. ఆడటం లేదు."

"రేపు రమ్మంటావా?"

"వద్దులేమ్మా."

నందికొట్కూరులో బస్టాండు వెనక కరెంటు మర ఉందని చెప్పాను. ఆమె సంచిని మళ్లీ ఆటోలో పెట్టింది. చోటుంటే నేనూ ఎక్కాను. సంచి మా ఇద్దరి మధ్య పెట్టుకున్నాం.