పద్నాలుగు క్యారెట్ల పుస్తె

చైనా యుద్ధం మన దాకా రాలేదు అనేవాళ్లతో నాకు పడదు. ఎక్కడో మంచుకొండల్లో జరిగిందట, మనకేమీ కాలేదట. మీకు కాలేదేమో. అది మా చందూరు దాకా వచ్చి సరిగ్గా నా పెళ్లి మీద కూర్చుంది. నా పేరు గంగమణి. మా బాపు భోజన్న, పసుపూ వరీ పండించే మనిషి. అరవై మూడు ఎండాకాలంలో నాకు వర్ని సంబంధం ఖాయమైంది. ఆ పెళ్లి చెడిపోకుండా నిలబెట్టింది మా ఇంట్లో వాళ్లు కాదు, బోధన్‌లో అవుసుల సిద్దిరాములు భార్య భూమవ్వ. ఇది ఆమె సంగతి.

మా దిక్కు బంగారం పని చేసేవాళ్లను అవుసులోళ్లు అంటాం. సిద్దిరాములు మాట తక్కువ మనిషి. ఆ తక్కువైనదంతా భూమవ్వ పూడ్చేది. పొట్టి మనిషి, గొంతు మాత్రం చక్కెర ఫ్యాక్టరీ కూతతో పోటీ పడేది. నగ ఎప్పుడిస్తావని ఎవరైనా సిద్దిరాములును నిలదీస్తే వంటింట్లోంచే ఆమె జవాబు చెప్పేది. చిన్నప్పుడు మా అమ్మ వెంట పోయి ఆ గుమ్మంలో కూర్చుంటే నాకింత బెల్లం ముక్క చేతిలో పెట్టి, ముక్కు తుడుచుకోవే అని కసిరేది. ఆ ముసలిదానికి మంచి మాట రాదనుకునేదాన్ని. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవని తర్వాత తెలిసింది.

యుద్ధం మొదలైనప్పుడు అందరికీ ఒకటే ఆవేశం. రేడియో ఉన్న హోటళ్ల ముందు జనం చాయ్ తాగకుండానే గంటలు గంటలు నిలబడేవాళ్లు. నిజామాబాద్‌లో సభ పెట్టి జవాన్లకు చందా అడిగితే మా బాపు బండెడు వడ్లు తోలాడు. ఆడవాళ్లు మెడలోవి, చేతులవి తీసి ఇచ్చారు. యుద్ధం ఆగింది. ఆ చలికాలం పోకముందే ఢిల్లీ నుంచి హుకుం వచ్చింది: ఇకమీదట పద్నాలుగు క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగ చేయకూడదు. బయటి దేశం బంగారానికి పోసే డబ్బు తుపాకులకు కావాలన్నారు. తుపాకులు కావలసిందేనని మా బాపు కూడా ఒప్పుకున్నాడు. కానీ దగ్గరదగ్గర సగం రాగి కలిపిన నగను ఏ ఇంట్లో చేయించుకుంటారు? అందరూ మానుకున్నారు. అవుసులోళ్ల గల్లీలో కుంపట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఒకాయన పల్లీలు అమ్ముకున్నాడు, ఇంకొకాయన నిజామాబాద్ పోయి రిక్షా తొక్కాడు. సిద్దిరాములు మాత్రం రోజూ పొద్దున్నే సుత్తి తుడుచుకుని, పని ఉన్నట్టే కూర్చునేవాడు.

ఎన్నో రోజుల తర్వాత ఆయన గడప తొక్కిన పని నా పుస్తెలే. పుస్తెలు లేకుండా పెళ్లి కాదు కదా, పద్నాలుగో పదహారో, చేయించక తప్పదు. మాలో ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి అత్తింటిది. మంచి గడియ చూసుకుని, బియ్యం, బెల్లం, కొబ్బరికాయ పట్టుకుని రెండు వైపుల వాళ్లూ అవుసులాయన ఇంటికి పోతారు. ఆయన సుత్తికి బొట్టు పెట్టి అందరి ఎదుటే పుస్తె కొడతాడు. నన్ను కూడా తీసుకుపోయారు. పెళ్లిపిల్లను ఎందుకు తీసుకుపోయావని తర్వాత మా బాపును తిట్టని చుట్టం లేదు.

మా పుట్టింటి పుస్తె ముందు మొదలుపెట్టాడు. మంచి బంగారం రొట్టెపిండి లాంటిది, కొట్టినకొద్దీ సాగుతుంది. ఈ కలిపిన బంగారం అట్లా కాదు, మాటిమాటికీ కుంపట్లో పెట్టి కాల్చి మెత్తబరచాలి. ఆ సంగతి సిద్దిరాములుకు తెలుసు. కానీ అన్నాళ్లకు చేతికి పని దొరికిన సంతోషమో, ఎదురుగా కూర్చున్న జనమో, చెయ్యి పాత అలవాటులో పడిపోయింది. మళ్లీ కాల్చకుండానే వరసగా కొట్టుకుంటూ పోయాడు. పుస్తె నడిమధ్య పగిలింది.

నాకు కాబోయే అత్త రాధాబాయి పుస్తెను చూడలేదు, నన్ను చూసింది. ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పుస్తె పగిలితే పెళ్లిపిల్ల రాత పగిలినట్టే లెక్క. ఆమె కొబ్బరికాయ సంచీలో వేసుకుని, తన వాళ్లను లేపి వర్ని బస్సెక్కింది. మా బాపు సిద్దిరాములును నోటికొచ్చినట్టు తిట్టాడు. సాయంత్రానికి బోధన్ అంతా పాకింది, అవుసులాయన బంగారం మింగి రాగి ఎక్కువ కలిపాడని. నేను ఇంటికి వచ్చి గొడ్లకొట్టంలో కూర్చుని ఏడ్చాను. నా పెళ్లి పోయిందనే అనుకున్నాను. సిద్దిరాములు కుంపటి మీద నీళ్లు పోసి గోడవైపు తిరిగి పడుకున్నాడట.

మర్నాడు భూమవ్వ పగిలిన పుస్తెను కొంగున కట్టుకుని ఒక్కతే వర్ని పోయింది. మొగుణ్ని అడగలేదు, మా బాపుకు చెప్పలేదు. అక్కడ జరిగినది నేను రెండు నోళ్ల నుంచి విన్నాను. మా అత్త చెప్పిన కథలో తాను మొదటినుంచీ మంచిగానే మాట్లాడింది. భూమవ్వ చెప్పిన దాంట్లో మా అత్త ఆమెకు కూర్చోమని పీట కూడా వేయలేదు. నేను భూమవ్వనే నమ్ముతాను, మా అత్త సంగతి నాకు తెలుసు.

నిజామాబాద్‌లో ఎక్కువ కూలి ఇస్తే దొంగచాటుగా మేలిమి బంగారంతో చేసేవాళ్లు ఉన్నారని, తామే చేయించుకుని వేరే పిల్లను చూసుకుంటామని రాధాబాయి అన్నదట. చేసేవాళ్లు ఉన్నారని భూమవ్వ కూడా ఒప్పుకుంది. కానీ పెళ్లిపందిట్లోకి పోలీసు జవాను వచ్చి పుస్తె ఎక్కడిదని అడిగితే ఏం చెప్తావని అడిగింది. పసుపు కొమ్ము కట్టి పెళ్లి చేయండి, మన నిజామాబాద్ జిల్లాలో పసుపుకు కరువా అన్నది. రాధాబాయి నవ్విందట. అవుసులోళ్ల ఆడది వచ్చి బంగారం వద్దనడం ఎక్కడైనా విన్నామా అని ఇరుగుపొరుగును కూడా పిలిచింది.

అప్పుడు భూమవ్వ మెడలోని దారం పైకి లాగి చూపించింది. దానికి పుస్తెలు లేవు. పసుపు కొమ్ము ఉంది.

"సభల జవాన్లకిచ్చిన అక్కా. మా ఆయన నిమ్మళంగనే ఉన్నడు, నా పిల్లలు నిమ్మళంగనే ఉన్నరు. కొమ్ము కట్టుకుంటే ఏం గాలే" అన్నది.

ఇచ్చినందుకు ఢిల్లీవాళ్లు మంచి బహుమానమే ఇచ్చారు కదా, నీ మొగుడి కుంపటి ఆర్పారు, ఇప్పుడు బుద్ధి వచ్చిందా అని రాధాబాయి ఎత్తిపొడిచింది.

"నేనిచ్చింది ఢిల్లీల కాయిదం రాసినోనికి గాదు, మంచుల నిలవడ్డ పిలగాండ్లకు. ఇచ్చింది ఇచ్చినట్టే. గీ హుకుం తప్పంటే తప్పే. రెండు మాటలూ నావే, ఏదీ ఎనకకు తీసుకోను."

మా అత్త మెత్తబడిందంటే ఆ మాటకే మెత్తబడి ఉంటుంది. అయినా ఊరికే ఒప్పుకుంటే ఆమె రాధాబాయి ఎట్లా అవుతుంది? ఒక షరతు పెట్టింది. పెళ్లినాడు సిద్దిరాములు తానే కొమ్ము కట్టిన దారం తేవాలి. పుస్తె పగిలింది పిల్ల రాతతో కాదు, తన చేతి తప్పుతో అని పందిట్లో అందరి ముందూ చెప్పాలి. భూమవ్వ సరేనని వచ్చేసింది.

ఇంట్లో అప్పుడు జరిగిన గొడవ గల్లీ అంతా విన్నది. అంతకుముందు ఎన్నడూ గొంతెత్తని సిద్దిరాములు అరిచాడు. చెయ్యి తప్పిందని అవుసులోడు పదిమందిలో ఒప్పుకుంటే ఇక వాడికి బంగారం ఎవరిస్తారు? హుకుం ఇయ్యాల కాకుంటే రేపు సడలుతుంది, పోయిన పేరు మళ్లీ వస్తుందా? నా నోట్లో మన్ను కొట్టి వచ్చావన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. భూమవ్వ కూడా కాదనలేదు. ఆ పిల్ల బతుకు మన ఇంట్లో పగిలింది, మనమే అతకాలె, నువ్వు రాకుంటే నేనే పోయి చెప్తా అని మాత్రం అన్నది.

ఆయన భయపడినట్టే అయింది, ముందే చెప్పేస్తున్నాను. ఏడాది తిరగకముందే పాత నగలు కరిగించి చేసుకోవచ్చని హుకుం సడలింది. పక్కవాళ్ల కుంపట్లు మళ్లీ వెలిగాయి, సిద్దిరాములు దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ సీజన్‌కు చెరుకు కొట్టడానికి పోయేవాళ్లు. అరవై అయిదులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చి, సోమవారం రాత్రి అందరూ ఒక పూట భోజనం మానండని ప్రధానమంత్రి అన్నప్పుడు నేను భూమవ్వను చూడడానికి పోయాను. మాకు సోమారమొక్కటే ఎందుకే, మేం దేశానికి ఎప్పటినుంచో ఇస్తున్నం అని పకపకా నవ్వింది. నవ్వి, ఆ రాత్రి నిజంగానే పొయ్యి వెలిగించలేదు.

పెళ్లినాడు మాత్రం ఆయన వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. ముహూర్తం దగ్గర పడుతోంది. మా అత్త గుమ్మం వైపే చూస్తోంది, మా బాపు లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. నేను తల వంచుకుని కూర్చుని, రాకపోతే ఈ పీట మీంచి ఎట్లా లేవాలి, లేచి ఎక్కడికి పోవాలి అని ఆలోచిస్తున్నాను. అంతలో పందిట్లో మాటలు తగ్గాయి. సిద్దిరాములు ఉతికిన ధోవతి కట్టుకుని, ఇత్తడి పళ్లెం రెండు చేతులా పట్టుకుని వస్తున్నాడు. పళ్లెంలో బియ్యం, దాని మీద పసుపు దారం, కొమ్ము. దారం ఆయనే పేనాడట. వెనక భూమవ్వ.

ఆయన పళ్లెం పెళ్లి చేసే అయ్యగారికి ఇచ్చి జనం వైపు తిరిగాడు.

"పుస్తె పలిగింది పిల్ల రాతతోని గాదు. నా చేతితోని. గట్టి బంగారాన్ని మెత్తటిదనుకొని కొట్టిన" అన్నాడు.

నా మెడలో పసుపు కొమ్ము పడింది. నేను ఏడ్చాను, సంతోషానికే ఏడ్చాను. మాలో పుస్తెలు తెచ్చిన అవుసులాయనకు పెళ్లిలో బియ్యం, కొత్త బట్ట పెట్టాలి. మా అత్తే లేచి చాటలో బియ్యం పోసుకుని వచ్చింది. సిద్దిరాములు చేతులు వెనక్కి తీసుకున్నాడు. బంగారం పని చేయలేదు, కూలి తీసుకోను అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మెడ నిటారుగా ఉంది.

భూమవ్వ ముందుకు వచ్చి కొంగు చాచింది.

"ఆయనకొద్దంటే నాకు పొయ్యి అక్కా. ఇంట్ల పిల్లలున్నరు" అన్నది. గొంతు తగ్గించలేదు.

మా అత్త పోసింది. చాట నిండా బియ్యం ఒక్కసారే పడేసరికి కొంగు ఒక పక్కకు జారింది. సిద్దిరాములు ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత వంగి, కొంగు రెండో అంచు పట్టుకున్నాడు.