నాయనమ్మ మజ్జిగ, నా ప్రొబేషన్

ఆ రోజుల్ల నాకొక గట్టి నమ్మకం ఉండె: మైక్రోబయాలజీల ఎమ్మెస్సీ చేసినంక, లోకంల ఉన్న బాక్టీరియా అంతా నన్నడిగే కదుల్తదని. పటాన్‌చెరు దిక్కు, కడుపుకు మేలు చేసే బాక్టీరియాను గోలీలుగ చేసే కంపెనీల కొలువు దొరికింది. ఆర్నెల్ల ప్రొబేషన్. చివరి పరీక్ష పాసైతే పర్మనెంటు, లేకుంటే సంగారెడ్డిల మా నాయిన కిరాణా దుకాణం. (పప్పులు జోకుడంటే నాకప్పుడు ఉరిశిక్షే.)

ఇంట్ల నాయనమ్మ మాత్రం నా సదువును లెక్కనే చేయకపోయేది. "కడుపుల అగ్గి మండాలె బిడ్డా. అది సల్లారితే తిన్నది అరగక ఆమమైతది, ఒళ్లంత విషమే. మజ్జిగ తాగు" అనేది. "అగ్గి లేదు గిగ్గి లేదే, కడుపుల కోట్ల బాక్టీరియా ఉంటయ్, అరిగించేది అవే" అంటే, "అయ్యో, గంతమందికి వండి పెడ్తున్ననా నేను!" అని బుగ్గలు నొక్కుకునేది. నాకు రోషమొచ్చింది. పరీక్ష రోజు ఆమె మజ్జిగను సీసాల పోసుకొని ల్యాబుకు తీస్కపోయిన, మా కంపెనీ గోలీల్ల నింపే పౌడర్ పక్కన పెట్టి ఎవరిది గొప్పనో తేల్చేద్దామని.

పరీక్ష ఏందంటే, పౌడర్‌ను నీళ్లల్ల కలిపి పళ్లెంల వేసి, మీదికెల్లి కరిగిన అగార్ పోయాలె. అది బాక్టీరియాకు మేత, సల్లారితే జెల్లీ లెక్క గడ్డకడ్తది. బతికున్న ప్రతి బాక్టీరియా రెండు రోజుల్ల ఒక చుక్కై కనపడ్తది. నేను హుషారుల, కాగిన అగార్‌ను కాగినట్టే పౌడర్ పళ్లాలల్ల పోసేసిన. మజ్జిగ వంతు అన్నిటికన్న ఆఖరుకొచ్చింది. రెండు రోజులకు మూతలు తీస్తే పౌడర్ పళ్లాలు ఖాళీ, మజ్జిగ పళ్లెంల చుక్కలే చుక్కలు! మా మేనేజర్ (కోస్తా నుంచొచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి) కళ్లజోడు సర్దుకొని, "ఏమయ్యా, మన పౌడర్లో ఒక్కటీ బతకలేదు. ఈ పళ్లెంలో మాత్రం తిరనాళ్లలా ఉందేంటి?" అన్నడు. "మా నాయనమ్మ మజ్జిగ సార్" అన్న. ఆయన పళ్లెం మీద మూత పెట్టి, "రేపు మళ్లీ చెయ్యి. అదే ఆఖరు" అని పోయిండు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పిన. సంగతి ఇని నాయనమ్మ, "పోసేముందు ఏలు పెట్టి సూసినవా?" అన్నది. "ల్యాబుల ఏళ్లు పెట్టరే!" "సీసాను చెంపకన్న ఆనిచ్చి సూడరాదు? సలసల కాగే పాలల్ల తోడేస్తే అది సచ్చిపోతది గద బిడ్డా, పెరుగెట్లైతది?" మజ్జిగ వంతొచ్చేసరికి అగార్ జెర సల్లారింది, అందుకే అది బతికిందని నాకప్పుడు తట్టింది. తెల్లారి అగార్ సీసాను చెంపకు ఆనిస్తే సుర్రుమన్నది. ఆగిన. గోరువెచ్చగైనంక పోసిన. ఈసారి అన్ని పళ్లాల నిండ చుక్కలు, నా కొలువు పర్మనెంటు.

ఆమె అగ్గీ నా బాక్టీరియా ఒకటేనని నేననను (సైన్సు సదివినోణ్ణి, గంత జల్దీ ఒప్పుకోను). కాని రెండింటికీ వేడి మోతాదుల ఉండాల్నని అప్పుడే ఎరుకైంది. అయినా, అగార్ పోసొచ్చిన ఆ సాయంత్రం ఆమె అడిగితే, "తప్పు నాది కాదే, మిషన్ ఖరాబుండె, బాగుచేసిండ్రు" అని అబద్ధమాడిన. అప్పటి ఆ పిలగాని (నేనే) బడాయి తలుసుకుంటే ఇప్పుడు నవ్వొస్తది, జెర జాలి గూడ. మొన్న, ఇన్నేండ్లకు, సిగ్గిడిచి నిజం చెప్పిన: "నీ మాట ఇన్నందుకే నా కొలువు నిలిచిందే."

నాయనమ్మ మజ్జిగ చిలుకుడు ఆపకుండనే, "తెల్సు తియ్. మిషన్ బాగైన నాడు నీ చెంప కాలి ఎర్రగుండె" అన్నది.

నాకు తెలవకుండనే చెంప తడుముకున్న.